అరగంట మింగకుండా

తెల్లారుజాము మూడింటికి
ఎడమ పక్క ఏరియేటర్లన్నీ ఆగిపోయాయి.

కరెంటు పోతే రొయ్యకి ఊపిరుండదు.
చెప్పుల్లేకుండా జనరేటర్ కాడికి ఉరికాను.
టార్చి వేసి చూస్తే
నాలుగు గుంటల్లోనూ చక్రాలు తిరుగుతున్నాయి,
నీళ్ళు తెల్లగా ఎగిరి పడుతున్నాయి.
ఆగింది నా చెవి.

రామతీర్థం కాడ ఈ గుంటలకి పదకొండేళ్ళుగా కావలి నేను.
మొత్తం ఇరవై నాలుగు చక్రాలు.
ఇరవై మూడయితే
నిద్రలోనే మెలకువొచ్చేది.

మందుల షాపు పిల్లోడు గుబిలికి చుక్కలిచ్చాడు.
పిన్నమ్మ వెల్లుల్లేసి నూనె కాచింది.
"చలిగాలి తగిలుంటదిలే పెంచలయ్యా" అన్నాడు ఓనరు,
నేను ఫోను కుడిచెవికి మార్చుకున్నాక.
అట్లా ఆరు రోజులు.

నెల్లూరు, పొగతోట.
డాక్టరమ్మ రెండు కొమ్ముల ఇనప కడ్డీ మోగించి
నా నడినెత్తిన ఆనించింది.
ఎటు వినపడతాందంటే, కుడికన్నాను.
"గుబిలయితే ఎడమకి రావాల. ఇది నరం.
ఇన్నాళ్ళూ యాడున్నావు?"

మాత్రలేస్తే షుగరు ఎగురుతుందంట,
నాకు ముందే మూడొందలు.
అందుకని మందు చెవిలోకే,
కర్ణభేరి దాటించి, సూదితో,
వారానికొకటి లెక్కన నాలుగు.
"వస్తదా?" అనింది రవణమ్మ.
డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.
"కొందరికి వస్తది."

సూది ఏమంత నొప్పి కాదు.
లోపలెక్కడో చల్లటి నీళ్ళు,
గది ఒక సుడి తిరిగి నిలబడింది.
"ఇట్లానే పడుకో అరగంట.
మాట్లాడొద్దు. ఉమ్మి మింగొద్దు,
మింగితే మందు గొంతులోకి జారిపోద్ది."

మందు చెవి పైకి,
మంచి చెవి దిండులోకి.
ఆ అరగంట రెండు చెవులూ ఉండవని
ఎవరూ చెప్పలేదు నాకు.

ఫ్యాను తిరుగుతోంది, చప్పుడు లేదు.
రవణమ్మ పెదాలు కదిలాయి, మాట లేదు.
నోట్లో మాత్రం ఉమ్మి ఊరుతోంది
ఓనరు జీతం రేపన్నప్పుడల్లా
గుటుక్కున మింగిందంతా తిరిగొస్తున్నట్టు.

రవణమ్మ తువ్వాలు నోటి కింద పెట్టింది.
ఐదు నిమిషాలకోసారి
నా అరచేతిలో వేలితో నొక్కింది.
ఆరు నొక్కులు రావాలి.
ఐదే వచ్చాయి. ఒకటి
తనే మరిచిందో, నేనే కునుకు తీశానో.

నాలుగు సూదులూ అయినాక
రాత్రి గుంటల కాడ
కుడిచెవిలో గుడ్డ కుక్కి
ఎడమ చెవి నీళ్ళకేసి పెట్టాను.
రేకు డబ్బాలో కందులు ఊపినట్టు ఏదో.
తొమ్మిది దాకా లెక్క తేలింది.
సముద్రం వచ్చింది.
కీచురాయి రాలేదు.
దోమ రాలేదు, కుట్టాకే తెలిసింది.

ఇప్పుడు అన్నం కాడ
రవణమ్మ నా ఎడమకే కూర్చుంటది.
ఉన్నట్టుండి గిన్నె మీద గరిటతో కొడతది.
"ఏందిమే ఆ మోత!" అని కసురుకుంటే
ఏమీ అనదు.
ఇంకోసారి కొడతది,
ఈసారి మెల్లగా.