మాడిన రొట్టెల పద్దు

కుతాయిసిలో తెల్లవారక ముందే,
రియోనీ నది మీద మంచు లేవక ముందే
నేను తలకిందులవుతాను.

మాది నిలువు పొయ్యి, మట్టి బావి లాంటిది.
నడుం దాకా లోపలికి వంగి
పిండి పడవని గోడకి చరిచి
కనుబొమలు కమరక ముందే పైకి లేవాలి.
రాత్రికి నాలుగొందల సార్లు.

"ఇన్నిసార్లు వంగుతావు కదా మల్ఖాజ్,
నీ పనే నీ ప్రార్థన" అన్నారు ఫాదర్ ఇలారియోన్,
వేడి రొట్టె చంకన పెట్టుకుని.
మంచి మాట. ఊరికే వచ్చిన రొట్టెకి తగిన మాట.
కానీ నాకు తెలుసు
వంగినప్పుడు నా బుర్రలో తిరిగేవి
గ్యాసు బిల్లు, మోకాలి నొప్పి,
పిండిలో ఉప్పు వేశానా లేదా అని.
దేవుడి పేరెత్తేది చెయ్యి కాలినప్పుడే.
దాన్ని ప్రార్థన అనరు.

ఇంట్లో తూర్పు మూల పటాల ముందు
దీపం పెట్టేది నా కూతురు తెక్లే.
నేను ఇల్లు చేరేసరికి అది బడికి, నేను పడకకి.
ఆదివారం చర్చి గంటలు
నా నిద్ర అడుగున ఎక్కడో మోగుతాయి
పక్క వీధిలో ఎవరిదో పెళ్ళిలాగ.

అందుకని లెక్క వేశాను.
గోడకి అంటించాక, కొక్కెంతో లాగే ముందు
ఆరు నిమిషాలు.
ఆ ఆరింట్లో సిగరెట్టు ఉండేది, ఫోను ఉండేది,
పిండి కలిపే బేసోతో ఫుట్‌బాల్ గొడవ ఉండేది.

మొదటి రాత్రి ఊరికే నిలబడ్డాను.
చిన్నప్పుడు నేర్చిన మాటలు సగంలో తెగాయి
పులవని పిండిలా.

రెండో రాత్రి ఒక్క పేరు వచ్చింది: బాబుత్సా.
రోజూ సగం రొట్టె కొనే ముసలామె.
కనబడి వారమైంది.
ఆమె దగ్గు, చిల్లర ముడేసిన రుమాలు,
మిగతా సగం ఎవరైనా కొంటారా అని ఆమె దిగులు,
ఒక్కొక్కటే ప్రభువుకి చూపిస్తూ పోయాను,
ఆయన ఎన్నడూ చూడనట్టు.

"మాడుతున్నాయి!" బేసో కేక.

వెనక గోడవి మూడు. బొగ్గు.
జీతంలో కోస్తారు, తప్పదు.
పద్దు పుస్తకంలో 'మాడినవి మూడు' అని రాసి
కారణం గడి దగ్గర పెన్ను ఆగింది.
బేసో భుజం మీంచి తొంగి చూశాడు.
ఖాళీగానే వదిలేశాను.

పొద్దున ఒకటి గీకి తిన్నాను. చేదు.
మంచి రొట్టె ఒకటి డబ్బిచ్చి కొని
మొత్తం, సగం కాదు,
కాగితంలో చుట్టి బయల్దేరాను.
వంతెన దాటాక ఏ వీధో తెలీదు.
కళ్ళు మూతలు పడుతున్నాయి.
ఎవర్నన్నా అడగాలి.