టౌన్ హాలు తాళం

ఈ తలుపుకి తాళం పడాలంటే
మోకాలితో కాస్త పైకెత్తాలి.
నాకు ముందు ఆల్మా షిర్మర్ ఎత్తింది, ఇరవై ఎనిమిదేళ్ళు.
ఆమెకు ముందు ఇంకెవరో.
చెక్క మీద ఆ ఎత్తున
పాత నాణెంలా నున్నబడ్డ మచ్చ.

మాది కాన్సాస్‌లో ఓస్‌గ్రోవ్.
బోర్డు మీద జనాభా ఏడువందల నలభై,
నా రిజిస్టరులో ఆరువందల పన్నెండు.
బోర్డు మార్చడానికి ఎవరికీ మనసొప్పలేదు.
హాలుది పసుపు సున్నపురాయి.
దగ్గరగా చూస్తే రాతిలో గవ్వలు,
ఒకప్పుడిక్కడ సముద్రం ఉండేదట.

గోడలు లేచిన ఏడు మాత్రం
చుక్క నీరు లేదు.
పొలాలు లేచి ఆకాశంలోకి పోయాయి.
కంచాలు బోర్లించి ఉంచేవాళ్ళట ఇళ్ళల్లో,
వడ్డించే క్షణాన తిప్పేవాళ్ళట,
లేకపోతే ముందు దుమ్మే తినాల్సొచ్చేది.
అప్పుడొచ్చింది సర్కారు కాగితం:
హాలొకటి కట్టుకోండి, కూలి మేమిస్తాం.

ముందు గుమ్మం పక్కన ఇత్తడి పలక ఉంది.
మేయరు, ఇంజనీరు, నలుగురు సభ్యులు.
రాయి మోసినవాళ్ళు నేలమాళిగలో ఉన్నారు,
ఎలుకలు అంచులు కొరికిన కూలి పుస్తకంలో.
ఎమిల్ స్వాతోష్. హార్లన్ విట్‌మీర్.
లూథర్ గెయిన్స్ పేరు చివరి పేజీలో, విడిగా,
పక్కన ఒంటి రంగు రాసి.
వాళ్ళ పైన మేస్త్రీ పెన్సిల్ రాత:
"యంత్రం వద్దు. చేత్తోనే చెక్కండి.
త్వరగా కట్టేస్తే త్వరగా ఆకలేస్తుంది."

అందుకే ఈ గోడలు ఇంత మందం.
ఒకళ్ళకి ఒక వారం, ఇంకొకళ్ళకి మరో వారం,
పనిని రొట్టెలా తుంచుకున్నారు.
మెట్ల కింద, ఎవరూ చూడని చోట కూడా
ఉలి గీతలు దువ్విన జుట్టులా ఉన్నాయి.

ఇక్కడే చక్కెర బిళ్ళ మీద పోలియో మందు మింగాను.
ఇక్కడే నా పెళ్ళి డాన్సు,
ఇక్కడే నా విడాకుల కాగితం.
నా ముద్ర నేనే వేసుకోకూడదు కదా,
పక్క ఊరి గుమస్తాని పిలిపించాను.
పోతూ పోతూ మా కాఫీ బాగుందన్నాడు.

మొన్న మంగళవారం సభ.
బకెట్‌లో కప్పు చినుకులు, టప్... టప్...
కూల్చే కంట్రాక్టరు లెక్క చెప్పాడు:
"మూడు రోజులు చాలు."
వెనక బెంచీలో వెర్లిన్ స్వాతోష్
చెవికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు: "ఎన్ని?"
"మూడు!" అని అరిచాను.
ముసలాయన ఉత్తరం కిటికీ వైపు చూశాడు.
"దాని కమానుకే
మా నాన్న పదకొండు వారాలు తిన్నాడు."
అని కూర్చున్నాడు, అంతే.
తీర్మానం ఒకరు ప్రతిపాదించారు.
బలపరచడానికి ఎవరూ నోరు తెరవలేదు.
నేను మినిట్స్‌లో అదే రాశాను.
చినుకుల సంగతి రాయలేదు.

కప్పు మరమ్మతుకి డబ్బులైతే లేవు.
వచ్చే నెల మళ్ళీ అదే కంట్రాక్టరు, అదే అంకె.
బకెట్ ఒంపి, దీపాలార్పి,
తలుపు దగ్గర నిలబడ్డాను.
కుడి మోకాలు మార్చిన డాక్టరు
బరువులెత్తొద్దన్నాడు.
ఎడమదానితో ఎత్తుతున్నాను.
దాని మచ్చ ఇంకా పడలేదు.