సిరాతో పుట్టిన మరిది

లాంగ్‌దోక్ కొండలు, 1451

ఆ ఏడు చెస్ట్‌నట్ కాయలు రాలేసరికి
లోయలో ఏరేవాళ్ళే కరువయ్యారు.
మహమ్మారి పదకొండు పొయ్యిలు ఆర్పి పోయింది.
మిగిలినవాటిలో ఒకటి మాది.
గుట్ట అవతల పొగ అమియెల్‌ది, ఒంటి మనిషి.

మా ఆయన అజెమార్ అన్నాడు:
ఒక్కడివల్ల దుంగ లేవదు,
నాకు తోడబుట్టినవాడు కావాలి.
కనడానికి అమ్మ లేదు.
నోటరీ ఉన్నాడుగా.

చర్చి మెట్లమీద, జలుబుతో ముక్కు తుడుచుకుంటూ,
మోకాలిమీద పలక పెట్టుకుని
నోటరీ పోన్స్ లాటిన్‌లో చాలాసేపు గీకాడు.
మా మాటలో చదివింది మూడే ముక్కలు:
ఒకటే రొట్టె, ఒకటే ద్రాక్షసారా, ఒకటే డబ్బుసంచి.
ఇద్దరూ సువార్తమీద చేతులుంచారు.
అమియెల్ వేలికి గోరుచుట్టు, గుడ్డ కట్టు.

ఆ ఒకటే రొట్టె కాల్చేది నేను.
నా పేరెక్కడుందో చూపించమంటే
నోటరీ వెతికి వెతికి వేలు పెట్టాడు:
"ఇదిగో, ఎర్మెసెండ.
మంచానికీ రాగి కాగుకీ మధ్య."

ఇంటికొచ్చేసరికి నాకో మరిది.
పురుడు లేదు, ఉయ్యాల లేదు,
ముప్పైనాలుగేళ్ళవాడు పుట్టాడు,
పుడుతూనే భుజాన గొడ్డలి,
వెనక ఆరు మేకలు, ఒక గుడ్డికుక్క.
మా ఆయనకన్నా రెండేళ్ళు చిన్న కనక మరిది,
పెద్దయితే బావ అయ్యేవాడు.
సిరాకి ఆ లెక్కలు తెలియవు.

ఒక్క అలవాటుకి ఒళ్ళు మండేది నాకు.
గిన్నె ముందు పెట్టగానే
రుచైనా చూడకుండా ఉప్పు చల్లుకునేవాడు.
ఎన్నిసార్లు చెప్పినా అంతే.

తొమ్మిదో ఏట, మంచు కరిగేవేళ,
ఇద్దరూ ఎత్తిన దుంగే జారింది.
అజెమార్‌ని వీపుమీద మోసుకొచ్చి
గడపలో కూలబడి ఏడ్చాడు అమియెల్.
ఆ ఏడుపు పత్రంలో రాసి లేదు.

నెల తిరక్కుండా మా అన్న రోస్తాన్
కంచరగాడిదతో దిగాడు,
మంచానికి, కాగుకి, నాకు.
కింది ఊళ్ళో భార్య పోయినవాడొకడు
ఎదురుచూస్తున్నాడట.

అమియెల్ టోపీ నలుపుతూ అన్నాడు:
"ఉండిపో వదినా. నువ్వు సరేనంటే,
ఫాదర్‌ని అడుగుతాను."

ఇక ఊరికి పని దొరికింది.
ఫాదర్: అన్న పెళ్ళాన్ని కట్టుకుంటే పాపం.
తిరగలి మిల్లు ముసలమ్మ: వాడెక్కడి తమ్ముడు, కాగితపు తమ్ముడు!
మా అన్న అందుకున్నాడు:
తమ్ముడు కాకపోతే ఆ పొలం వాడిదెలా అయింది?
పొలానికి రక్తం, పెళ్ళికి పరాయీనా?
మాండ్‌లో బిషప్‌కి రాయించాలంటే
మేకలన్నీ అమ్మాలి.

పెట్టె అడుగునించి పత్రం తీశాను.
చదువు రాదు. ఒక మూల ఎలుక కొరికింది,
పోయింది రొట్టో, సంచో,
లేక నేనో.

అన్నతో అన్నాను:
మంచం తీసుకుపో. దుప్పట్లు తీసుకుపో.
కాగు మాత్రం ఉండనీ,
పొయ్యిమీద పులుసుంది.

గాడిద గంట మలుపు దాటేదాకా
ఇద్దరం చెరో గోడ చూస్తూ కూచున్నాం.
గిన్నె ముందు పెట్టాను.
తొమ్మిదేళ్ళలో మొదటిసారి
ముందు ఒక చెంచా తాగి చూసి,
ఆగి,
అప్పుడు ఉప్పుకోసం చెయ్యి చాచాడు.

ఏమని పిలవాలో తోచక
"ఇదిగో" అన్నాను.