ఎండకాలం హీటరు

చైత్రం సొచ్చినంక అచ్చంపేటల
హీటరు బాగుచేయించుకునేటోడు ఎవడన్న ఉంటడా?
ఉన్నడు. గఫార్ సాబ్.

నా వైండింగ్ షాపు ముంగట
అరవై నాలుగు ఫియటు ఆపి
డాష్‌బోర్డు కిందికెల్లి ఊడదీసిన డబ్బాను
పసిగుడ్డును పట్టుకున్నట్టు
రెండు చేతులల్ల పట్టుకొచ్చిండు.
"పంకా తిరుగుతలేదు భాయ్."

నాకు నవ్వొచ్చింది.
అరుగు మీద కాలిన బోరు మోటర్లు పదకొండు,
ఒక్కోదాని మెడల ఒక్కో రైతు పేరు చీటీ.
నీళ్ళకు ఏడ్చే ఊర్ల నడిమిట్ల
ఈయనకు వేడిగాలి కావాల్నట.

"హస్‌నా నక్కో," అన్నడు.
"మన్ననూరు దాటి ఘాటెక్కుతుంటె
ఇంజను ఉడుకుతది, సూది ఎర్రగీత మీదికి పోతది.
గప్పుడు హీటరు నల్లా తిప్పి పంకా ఏస్తె
దాని ఉడుకంత నా మోకాళ్ళ మీదికొస్తది.
బండి బతుకుతది.
ఎనక కూసున్న శ్రీశైలం భక్తులు తిడ్తరు.
తిట్టనీ."

నేనింక నవ్వలే.

మూడు స్క్రూలు, నాలుగోదాని జాగల రాగితీగ ముడి.
ఇప్పంగనే ఎలుక గూడు రాలింది:
బీడాకు తుంటలు, సగం బస్సు టికెటు,
ఎవరిదో రిబ్బను పోగు.
ఇంకా లోపల, రెక్కల సందుల,
గోధుమరంగు సూదుల్లెక్క ఏందో.

ఈదయ్య ఏరి అరచేతుల ఏసుకున్నడు.
నా దగ్గర పని నేర్చుకునే చెంచు పిలగాడు,
మోటరు పేర్లు ఇంక తడబడతడు గని
ఆకు కనబడితె చెట్టు చెప్తడు.
వాసన చూసిండు. నాలికకు తాకించిండు.
"ఇది మద్ది గాదు, తునికి గాదు, ఎదురు గాదు.
మన అడవిది గాదన్నా."

గఫార్ సాబ్ స్టూలు మీద కూలబడ్డడు.
అబ్బాజాన్ సిమ్లాల సర్కారు వేలంల కొన్నడట ఈ బండి.
పన్నెండు రోజులు తోలుకొచ్చిండట,
మొదటి మూడు రోజులు అద్దం మీద మంచు గీక్కుంట.
"ఆ మూడు రోజులే ఇది హీటరు," అన్నడు.
"ఇటొచ్చినంక ఇంజనుకు కిటికీ."

ఆర్మేచరు వాసన చూసిన.
కాలిన వార్నీషు వాసన నాకు తెల్వందా,
మా ఊరికి ఎండకాలమంటె ఆ వాసనే.
ఇది కాలలే. బొగ్గు అరిగింది, పెసరగింజంత.
ఇంత చిన్న కార్బన్లు పట్నంల గూడ దొరకయి.

ఇంటికి పోయిన. వట్టి చేతుల్తోని రాలే.
మిక్సీల కార్బన్లు గరుకు కాయిదం మీద రుద్ది రుద్ది
ఒళ్ళు తగ్గించిన.
కమ్యుటేటరు గాడులల్ల మసి
విరిగిన రంపపు ముక్కతో గీకిన.
బుష్షుకు ఒక్క చుక్క కుట్టుమిషిను నూనె.
బ్యాటరీకి రెండు తీగలు ముట్టించిన.

కిర్రుమని సగం సుట్టు తిరిగి ఆగింది.
ఈదయ్య చిటికెనవేలుతో రెక్కను నూకిండు.
గంతే.
బల్ల మీది చీటీలన్ని లేచినయి,
పదకొండు మంది రైతులు గాలిల ఎగిరిండ్రు,
ఏరుకోనీకె గడియసేపు పట్టింది.

పొద్దుగూకంగ ముగ్గురం ఘాటెక్కినం.
ఫర్హాబాదు మలుపుకాడ సూది లేచింది.
గఫార్ సాబ్ నల్లా తిప్పిండు, పంకా ఏసిండు.
పొయ్యి నోరు తెరిచినట్టు వేడి.
చొక్కాలు ఈపుకు అతుక్కున్నయి.
ముగ్గురి కండ్లు సూది మీదనే,
వెంట్రుకంత దిగింది, ఇంకింత దిగింది.
బంద్ చెయ్యుమని ఎవ్వరం అనలే.

ఈదయ్య చెవి మీద ఆ ఆకుసూది పెట్టుకున్నడు.
చెమటకు తడిసిందేమొ,
నలభై ఏండ్ల సంది మూసుకున్న వాసన
కొంచెం తెరిచింది.
చెక్కదా, జిగురుదా, నేను చెప్పలేను.
"చల్లటి ఊరి చెట్టన్నా," అన్నడు,
చలి చూడని పిలగాడు.

పైసలు మోటరుకే తీసుకున్న, కార్బన్లకు తీసుకోలే.

తెల్లారి పల్లీల పచ్చడి
రోట్ల నేనే నూరిన.
రుక్కమ్మ మిక్సీని ఒకపారి ఎత్తి చూసింది,
కిందమీద చేసి
మళ్ళ జాగల పెట్టింది.
"ఉప్పు తక్కువైంది," అన్నది.