నూట పన్నెండో పేజీ అంచు

ఏటా జనవరిలో, వచ్చేవాళ్ళు పలచబడ్డాక,
పుస్తకాల్లో పెన్సిల్ రాతలు చెరపడం నా పని.
లియెపాయాలో సముద్రం గడ్డకట్టదు గానీ
గాలి కిటికీ సందుల్లో ఈల వేస్తూనే ఉంటుంది.
రబ్బరు పొడి ఒళ్ళో రాలుతుంది, దులుపుకుంటాను.

ఈ ఒక్క నవల దగ్గరే చెయ్యి ఆగుతుంది.
పియానోలకు శ్రుతి చేసేవాడు చెప్పుకున్న కథ.
వాడికి పేరుండదు. ఊళ్ళో ప్రతి ఇంట్లోకీ వెళ్తాడు.
ఏ ఇంట్లో ఏ మెట్టు పలకదో తెలుసు,
ఎవరి పిల్ల ఏ తప్పు దగ్గర ఆగిపోతుందో తెలుసు.
పాట మొదలయ్యే వేళకి
మెట్లు దిగుతూ ఉంటాడు.

నూట పన్నెండో పేజీలో పేరు పండుగ.
ఎదురింటి కిటికీ నిండా కొవ్వొత్తులు, నవ్వులు.
వాడు చీకట్లో, కోటు విప్పకుండానే కూర్చుని అంటాడు:
"నన్నెవరూ పిలవలేదు."

ఆ మాట పక్కన అంచులో చోటు లేదు.

"ఇది నేనే." ఇల్గ్వార్స్ రాత, ఆ వంకర నాకు తెలుసు.
ఊరికున్న ఒకే ఒక్క ట్రామ్ దారి మీద
రోజంతా అతని వీపు వెనక జనం.
"నేనూ." ఎవియా. పదహారేళ్ళు. మాట తడబడుతుందని
కావలసిన పుస్తకం పేరు చీటీ మీద రాసి జరుపుతుంది.
ఇంకెవరో ఏమీ రాయలేదు,
కాగితం చిరిగేదాకా నిలువుగీత గీశారు.

ఎందుకు వీడే? మంచివాడేం కాదు.
పిసినారి, పరదాల చాటునుంచి తొంగిచూసే రకం.
నాకు తోచింది ఇదీ:
ఊరంతటికీ దాచింది నీకు మాత్రమే చెబుతాడు,
గుసగుస విన్న చెవి ఇక పరాయిది కాలేదు.
పైగా "నేను" అనే మాట
చిలక్కొయ్యకి తగిలించిన కోటు లాంటిది.
చదివేవాళ్ళు చేతులు దూర్చక తప్పదు.
చలిలో ఉన్నవాళ్ళకి కొలతలు గుర్తుకు రావు.

ఈ ఏడు ఆ గుంపు అడుగున కొత్త రాత.
గుండ్రటి అక్షరాలు, ఒక్కొక్కటీ విడివిడిగా,
పెద్దయ్యాక నేర్చుకున్న భాష.
చేపల డబ్బాల ఫ్యాక్టరీ రాయిసా.
ఆమె తిప్పిన పేజీలన్నీ పొగ వాసన.

"పేరు పండుగకి మీవాళ్ళు ఎవరినీ పిలవరు కదా.
తలుపు తీసి ఉంచుతారు. వచ్చేవాళ్ళు వస్తారు.
నలభై ఏళ్ళ కిందట దిగిన నాకే తెలుసు.
నీకు తెలియదా, అబ్బాయీ?"

నవ్వొచ్చింది. సగంలో ఆగిపోయింది.
ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళం,
నేనూ నేనూ అని వరసగా రాసుకున్నాం,
ఒక్కరికీ తట్టలేదు.

రాసుకున్నాం అన్నాను కదూ.
అన్నిటికన్నా పైన, వెలిసిపోయి, ఒకటుంది.
నేను ఈ ఉద్యోగంలో చేరిన ఏడాదిది.
దానికోసమే ఏటా ఈ పేజీని రేపటికి నెట్టేస్తాను.
ఇవాళ చెరిపాను. అక్షరం పోయింది,
గాడి పోలేదు. వేలు పెడితే తెలుస్తోంది.

మూసే వేళకి రాయిసా వచ్చింది,
తలగుడ్డ మీద మంచు, చేతిలో తడిసిన సంచి.
"ఇలాంటిదే ఇంకోటుందా?
కానీ వాడు ఒక్కసారైనా తలుపు తోసి చూసేది?"

లేదన్నాను.
ఎదుటి కుర్చీలో పేర్చిన పుస్తకాలు
ఒక్కొక్కటే తీసి
నేలమీద పెట్టాను.