తొలగించబడును

ఒక్క వాక్యం రాయడానికి
పొద్దుటి నుంచీ కూర్చున్నాను.
"ఈ పనిముట్టు ఒక వ్యాఖ్యను తొలగిస్తుంది."
అంతకు మించి అదేం చేయదు.
అయినా చేతికి ఏదో అంటుకున్నట్టుంది.

కిటికీ కింద సోలోలాకీ వీధి,
రొట్టెల బట్టీలోంచి లేచే ఆవిరి,
కారు తీయమని ఎవరో ఎవరినో తిడుతున్నారు.
ఆ తిట్లు గాల్లో కలిసిపోతున్నాయి,
వాటికి నంబర్లు లేవు.
మా యాప్‌లో ప్రతి తిట్టుకూ ఒక నంబరుంది,
ప్రతి ముద్దుకూ, ప్రతి పుట్టినరోజు దీవెనకూ.
ఆ నంబరిస్తే చాలు,
మాట మాయం.

నేను రాసేది మనుషుల కోసం కాదు.
ఈ పేజీ చదివేది ఏజెంట్:
నిద్రపోదు, విసుక్కోదు,
రాసింది రాసినట్టు నమ్ముతుంది.
ఇంత శ్రద్ధగా నన్ను చదివినవాళ్లు
నా జన్మలో లేరు.
దాన్ని నువ్వు అనాలా, మీరు అనాలా?
మా జార్జియన్‌లోనూ ఆ తేడా ఉంది.
"తొలగించు" అంటే కుక్కపిల్లతో అన్నట్టుంది,
"తొలగించండి" అంటే జడ్జిని బతిమాలినట్టుంది.
చివరికి ఎవరూ లేని వాక్యం రాశాను:
"తొలగించబడును."

రాశాక గుర్తొచ్చింది
దీన్ని ముందు ఎక్కడ విన్నానో.

మా అమ్మమ్మ త్సియూరి
గ్రంథాలయం నేలమాళిగలో పనిచేసేది.
కొన్ని నెలల్లో ఒక జాబితా వచ్చేది, సంతకం లేకుండా.
ఫలానా సంపుటం, ఫలానా పేజీ,
ఫలానా పేరు తొలగించబడును.
ఎవరు తొలగిస్తారో అందులో ఉండదు.
తొలగించేది మాత్రం ఇరవై మూడేళ్ల పిల్ల,
ఒక కుంచె, ఒక సిరాబుడ్డి,
ఇంటికొచ్చి నిమ్మచెక్కతో ఎంత రుద్దినా
నలుపు వదలని బొటనవేలు.

ముసలితనంలో ఒకసారి, వాల్‌నట్లు కొడుతూ,
ఎవరూ అడక్కుండానే చెప్పింది:
"సిరాలో నీళ్లు కలిపేదాన్ని.
ఎక్కువ కాదు, పట్టుబడనంత.
పేజీని దీపానికి అడ్డం పెడితే
పేరు కనిపించేది."
అంతే చెప్పి, పుచ్చిన గింజొకటి పక్కన పడేసింది.

నా దగ్గర సిరా లేదు.
ఉన్నవి రెండు గడులు.
వ్యాఖ్య నంబరు, తప్పనిసరి.
కారణం, ఐచ్ఛికం.
"ఐచ్ఛికమంటే ఖాళీ అనే కదా," అన్నాడు ఓతార్.
కోడంతా అతనిదే, మంచివాడు పాపం,
మధ్యాహ్నం తన చుర్చ్‌ఖేలాలో సగం విరిచి ఇస్తాడు.
తప్పనిసరి చేద్దామన్నాను.
"అప్పుడు ఏదో ఒకటి కల్పించి నింపుతుంది.
ఖాళీయే నయం, కనీసం అబద్ధమాడదు."
దానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

హెచ్చరికలు రాశాను:
వెనక్కి రాదు.
కింద ఉన్న జవాబులూ దానితోపాటే పోతాయి.
రెండోసారి పిలిస్తే "దొరకలేదు" అని వస్తుంది,
"ఒకప్పుడు ఉండేది" అని రాదు.
అక్కడ, ఎవరూ అడగని ఒక వాక్యం చేర్చాను:
"తొలగించే ముందు ఒకసారి అంతా చదవండి."
మీరు అన్నాను.
అప్పుడు గమనించుకోలేదు.

గురువారం పరీక్ష.
నమూనా సరుకు, మేమే కల్పించిన గొడవలు:
ఖింకాలీ కుడుముకి ఎన్ని మడతలుండాలని
లేని మనుషులు పదకొండు మంది కొట్టుకుంటున్నారు.
పైనున్న మొదటి మాట తీసేయమన్నాం.
ఏజెంట్ చదివింది.
చదివి అడిగింది:
"కింద పదకొండు జవాబులున్నాయి.
ఒకరు క్షమాపణ చెప్పారు.
అదీ పోతుంది. కానివ్వనా?"

గదిలో ఎవరూ మాట్లాడలేదు.
ఆ క్షమాపణ మాలో ఎవరు రాశారో
ఎవరికీ గుర్తులేదు.

సాయంత్రానికి ఓతార్ లోపాల చిట్టాలో ఎక్కించాడు:
ఒక్కో తొలగింపుకు ఒకటిన్నర సెకను ఆలస్యం.
మూలం, పత్రంలో ఒక అనవసర వాక్యం.
పరిష్కారం, సదరు వాక్యం తొలగించబడును.

నాకే అప్పగించారు.
ఇంకా తెరిచే ఉంచాను.
ఎందుకో వంటింట్లోకి వెళ్లి నిమ్మచెక్క వెతికాను,
చేతులు శుభ్రంగానే ఉన్నాయి.