డోర్ లాక్

చంకలో మిషను, జేబులో కాగితపు చుట్ట.
మిర్చి యార్డు మీంచి గాలి తిరిగిందంటే
దగ్గుకుంటూనే లెక్క రాసుకోవాలి.
సంగడిగుంట నుంచి నల్లచెరువు దాకా
నెలకు పన్నెండొందల గడపలు నావి.

ఇంటి నంబర్లు మిషన్లో ఉంటాయి.
నా బుర్రలో ఉండేవి వేరు.
పచ్చగేటు: ముందు కుక్కను పేరుపెట్టి పిలవాలి,
ఆ తర్వాతే గడియ మీద చెయ్యి.
మేడమెట్ల కింద: పిల్లి ఈనింది, చెప్పులు చప్పుడు కానీకు.
రేకులిల్లు: గోడవారన గుంటగలగర,
తొక్కావో, ముసలామె జుట్టుకి నూనె ఉండదీ ఏడాది.

ఖాసింబీ గారి మీటరు కింద చమేలీ పడుకునుంటుంది.
నిండుచూలు గేదె. కొండంత నలుపు.
మొదట్లో అదిలించబోయాను, "హెయ్" అని.
"నువ్వు కడుపుతో ఉన్నప్పుడు
మిమ్మల్నెవరన్నా అట్లా లేపారా?" అంది ఖాసింబీ.
నేను కడుపుతో ఎప్పుడుంటానమ్మా అంటే
తనే నవ్వేసి, గ్లాసుడు మజ్జిగ పోసింది.
"కూచో. నెమరయ్యాక అదే లేస్తుంది."
కూచున్నాను.
ఉద్యోగంలో చేరిన పదకొండేళ్ళలో
ఎండాకాలం నీడన కూచోవడం అదే మొదలు.

నేనేం మంచివాణ్ణి కాదు.
తీగలకు అడ్డమని ఆ వీధి మొగదల కానుగను
మోడు దాకా కొట్టించింది నా రిపోర్టే.
ఎర్రటి పెన్సిలు గీత కింద నా సంతకం.
ఆ వేసవంతా అక్కడ నిలబడాల్సొచ్చినప్పుడల్లా
నా నీడలో నేనే ఇమడలేకపోయాను.

ఎలీషా ఇంటి మీటరు డబ్బాకి మూత ఊడి నాలుగేళ్ళు.
యార్డులో బస్తాలు మోసే మనిషి, మూత సంగతి ఎవరికి కావాలి?
మొన్న చైత్రంలో వేలు పెట్టబోతే
లోపల్నించి ఒక కన్ను నన్ను చూసింది.
నల్లంచి.
గూట్లో పాము కుబుసం ముక్క, కొబ్బరి పీచు,
మెత్తగా పరుచుకున్న నల్లటి వెంట్రుకలు.
ఆ వెంట్రుకలు నాకు తెలుసు. చమేలీవి.
అంకెలన్నీ దాని పొట్ట కిందున్నాయి.

తలుపు బార్లా తీసి ఉంది.
గడపలో కూచుని ఎలీషా గోంగూర పచ్చడి కలుపుకుంటున్నాడు.
మిషన్లో నేను నొక్కింది: డోర్ లాక్.
తర్వాతి నెలా అదే.
"ఆ ఇంటోళ్ళు ఊళ్ళో ఉండరా?" అన్నాడు ఏఈ గారు.
ఉంటారు సార్, కనపడరు, అన్నాను.
అది అబద్ధం కాదు. నిజమూ కాదు.

మూడోనెల గూడు ఖాళీ.
పొదిగినన్నాళ్ళ యూనిట్లన్నీ ఒక్క బిల్లు మీద పడి
పైశ్లాబు ఎక్కి కూచున్నాయి.
కాగితం చింపి ఇవ్వడానికి నాకు చెయ్యి రాలేదు.
ఎలీషా దాన్ని దూరంగా పట్టుకుని చదివి,
మడిచి, బనీను జేబులో పెట్టుకుని,
"ఇంటికి చుట్టాలొస్తే కరెంటు కాలదా ఏంది" అన్నాడు.
మూత తెచ్చి బిగించమంటావా అన్నాను.
వద్దన్నట్టు చెయ్యూపాడు. నోట్లో ముద్ద ఉంది.

సాయంత్రం ఇంటికెళ్తే
నా పంట్లాం నిండా ఉత్తరేణి గింజలు.
మా ఆవిడ తిట్టుకుంటూ ఒక్కోటీ పీకి
వాకిట్లో పారేస్తుంది.
ఇప్పుడు మా వాకిలంతా ఉత్తరేణే.
పక్కింటాయన వినాయకచవితికి పత్రి అడుగుతున్నాడు,
పంటినొప్పికి వేరు అడుగుతున్నాడు,
మిగతా రోజుల్లో పిచ్చిమొక్కలంటున్నాడు.

రేపట్నుంచి కొత్త కాలనీ నా లైనులో కలిపారు.
వాకిళ్ళన్నీ సిమెంటు, గోడలన్నీ టైల్సు,
మీటర్లకు గట్టి గాజుమూతలు.
కానుగ మోడుకి నాలుగు చిగుళ్ళొచ్చాయని
ఖాసింబీ చెప్పింది. వెళ్ళి చూడాలి.
అటునుంచి అటే పోతాను.
మోకాళ్ళ దాకా అంటుకున్నవి ఏమన్నా ఉంటే
ఆ కాలనీ దాటేదాకా దులుపుకోను.